కామెర్లు అని రాశాను

మా ఆయన కళ్ళు తెల్లగా ఉన్నాయి. పరామర్శకు వచ్చిన ఏడుగురికీ పచ్చగా కనబడ్డాయి.

ఒకరి తర్వాత ఒకరు మంచం మీదికి వంగి, కింది రెప్ప లాగి, చూసి, తల ఊపారు. "అవ్ మేడం, మస్తు పచ్చగున్నయ్. గోర్లు గూడ చూడుండ్రి" అంది ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే ఆవిడ. గోళ్ళు కూడా పచ్చగానే ఉన్నాయని మిగతా ఆరుగురూ ఒప్పుకున్నారు. అందరూ డిగ్రీ చదివినవాళ్ళే. ఇద్దరికి పీజీ కూడా ఉంది. ఆ మనిషికి కామెర్లు లేవు. కామెర్లని సెలవు చీటీలో రాసింది నేను. కాగితం మీద ఉంది కాబట్టి కంట్లోనూ కనబడింది.

మేమిద్దరం యూనివర్సిటీ ఉద్యోగులమే. సొంతూరు కడప వైపు. ఉద్యోగాల కోసం వచ్చి పాతికేళ్ళుగా తార్నాకలో అద్దెకుంటున్నాం. అమ్మాయి బెంగళూరులో పనిచేస్తోంది. ఆయనది లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే, తీసుకునే కౌంటర్. ఇరవై రెండేళ్ళుగా అదే స్టూలు. కంప్యూటర్లు వచ్చాక కూడా పిల్లలు స్క్రీను దగ్గరికి పోకుండా ఆయన దగ్గరికే వచ్చి, "సార్, ఆ నీలం అట్ట పుస్తకం, నీటిపారుదల మీద" అని అడుగుతారు. ఆయన ఏ వరసలో ఏ అరలో ఉందో చెప్పి, "పక్కనున్న ఎర్ర అట్టది ఇంకా మంచిది, అదీ చూడండి" అంటాడు. ఇంట్లో పది మాటలు మాట్లాడే మనిషి ఆ కౌంటర్ దగ్గర వెయ్యి మాట్లాడతాడు. ఆ కౌంటరే ఆయనకు ఊరు, వాకిలి.

రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో ఆయన ఆగిపోయాడు. ఆగిపోవడమనే అనాలి. భుజాన తువ్వాలు వేసుకుని స్నానాల గది ముందు అరగంట నిలబడేవాడు. నేను తలుపు తీసి లోపలికి నడిపిస్తే వెళ్ళేవాడు. చొక్కా గుండీలు సగం పెట్టుకుని, మిగతా సగం ఎందుకన్నట్టు కూర్చునేవాడు. లైబ్రరీలో ఒక పిల్ల తిరిగిచ్చిన పుస్తకం చేతిలో పట్టుకుని పావుగంట అట్లాగే ఉన్నాడని, ఆ పిల్లే భయపడి ఎవరినో పిలుచుకొచ్చిందని తర్వాత తెలిసింది. ఒక పొద్దున కాఫీ ఇస్తే, గ్లాసు అందుకోకుండా, "నాకు ఇంక చాలనిపిస్తా ఉంది" అన్నాడు. కాఫీ సంగతి కాదని నాకు అర్థమైంది.

డాక్టర్ దగ్గరికి అంబర్‌పేట్ తీసుకుపోయాను. తార్నాకలో మానసిక వైద్యులు లేక కాదు. ఇక్కడైతే మెట్లెక్కేటప్పుడు ఎవరో ఒకరు చూస్తారని. కరోనా పోయి ఇన్నేళ్ళయినా ఆ హాల్లో కూర్చున్న ప్రతివాళ్ళ ముఖానా మాస్కుంది. నేను కూడా బ్యాగులోంచి తీసి పెట్టుకున్నాను. దారిలో సిగ్నల్ దగ్గర అడ్డం వచ్చిన ఆటోవాడితో పెద్ద గొంతుతో పోట్లాడి వచ్చినదాన్ని, అక్కడ ఆయన పేరు పిలిస్తే "ఆఁ" అని గుసగుసగా పలికాను.

తీవ్రమైన డిప్రెషన్ అన్నాడు డాక్టర్. ఆరు వారాలు సెలవు పెట్టించమన్నాడు. మందులు కనీసం ఏడాది వాడాలని, బాగుందని గానీ బాగాలేదని గానీ సొంతంగా ఆపొద్దని, ఒక్కసారిగా ఆపితే ఇప్పటికంటే కిందికి పోతాడని నాకు రెండుసార్లు చెప్పాడు. "తిరిగి డ్యూటీకి పోతారా డాక్టర్?" అని అడిగాను. "ఎందుకు పోరు? కాలు విరిగినవాళ్ళు పోవడం లేదా?" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ఆయన మళ్ళీ ఆ కౌంటర్ దగ్గర కూర్చోవాలి. అంతకుమించి నేనేమీ కోరుకోలేదు.

ఇక సెలవు చీటీ. నేను పనిచేసేది పరిపాలనా భవనంలో, ఉద్యోగుల సెలవులూ సర్వీసు రిజిస్టర్లూ చూసే సెక్షన్‌లో. ఒక మెడికల్ సర్టిఫికెట్ మా భవనంలో ఎట్లా నడుస్తుందో నాకంటే తెలిసినవాళ్ళు లేరు. ఏడు బల్లలు దాటాలి. ఏడు బల్లల దగ్గరా ముందు చదివేది జబ్బు పేరే. తేదీలు తర్వాత. కిడ్నీలో రాయి అయితే, "అయ్యో, ఎన్ని మిల్లీమీటర్లట?" అంటారు. గర్భసంచి తీశారంటే ఆడవాళ్ళమంతా లేచి ఆ సాయంత్రమే పోతాం. గుండె అయితే చెప్పక్కర్లేదు, అధికారులే కారులో వస్తారు. చాలా ఏళ్ళ కిందట ఒక టైపిస్టు సర్టిఫికెట్ మీద మానసిక వైద్యుడి ముద్ర పడింది. ఆ ఫైలుకు మా సెక్షన్‌లో 'ఎర్రగడ్డ ఫైలు' అని పేరు పెట్టారు. ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి అని ఈ ఊళ్ళో ఎవరికీ విడమరచి చెప్పే పని లేదు. ఆమె తిరిగి చేరడానికి ముందు మెడికల్ బోర్డుకు పంపాలని, బోర్డు చెప్పేదాకా సీటు ఇవ్వకూడదని నోటు రాసింది నేనే. ఆ పేరు పెట్టింది మాత్రం నేను కాదు. కానీ నవ్వాను. బాగా నవ్వాను.

అందుకే మా వీధి చివరి డాక్టర్ దగ్గరికి పోయి, "కామెర్లని రాసివ్వండి సార్" అని అడిగాను. మా అమ్మాయి చిన్నప్పటి నుంచి తెలిసినాయన. నా ముఖం చూసి ఇంకేం అడగకుండా రాసిచ్చాడు. టైఫాయిడ్ అయితే మూడు వారాలకు మించి చెల్లదు. స్లిప్ డిస్క్ అయితే ఎక్స్‌రే చూపించమంటారు. కామెర్లయితే నెలలు పడుతుంది, మనిషి నీరసంగా ఉంటాడు, తిండి సయించదు, మాట్లాడబుద్ధి కాదు. అన్నీ సరిపోయాయి. అమ్మాయికి కూడా ఫోన్‌లో కామెర్లనే చెప్పాను. కొబ్బరినీళ్ళు ఇవ్వమ్మా, చెరకురసం ఇవ్వమ్మా అని ఆ పిల్ల రోజూ మెసేజీలు. కడుపున పుట్టినదానికి కూడా అబద్ధం చెప్పి, ఆ మెసేజీల కింద 'సరే బంగారం' అని కొట్టాను.

నేను ఒకటి లెక్కలోకి తీసుకోలేదు. జబ్బుకు పేరు పెడితే, ఆ పేరుకు తగిన జనం వస్తారు.

వచ్చారు. ఏడుగురు. ఆపిల్స్, దానిమ్మలు, బత్తాయిలు, పాలల్లో కలుపుకునే పొడి డబ్బా. మా ముందు గదిలో కుర్చీలు చాలక ఇద్దరు కూరగాయల స్టాండు పక్కన నిలబడ్డారు. ఎవరి మేనమామకు ఎప్పుడు కామెర్లొచ్చాయో, ఎవరి తోడికోడలు ఎంతలో చావు తప్పించుకుందో చెప్పుకున్నారు. "సారు, మీరు లేకుంటే కౌంటర్ ఉత్తగున్నది. ఆ కొత్త పిలగాళ్ళకు ఏ పుస్తకం యాడున్నదో ఎర్కలే" అన్నాడు లైబ్రరీ నుంచి వచ్చినాయన. మా ఆయన లేచి దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నెల రోజుల్లో ఆయన తనంతట తాను లేచి కూర్చోవడం అదే మొదలు.

వాళ్ళు వెళ్ళాక పళ్ళ సంచుల వైపు చాలాసేపు చూశాడు. "ఇంతమంది వచ్చినారే" అన్నాడు. సగం దానిమ్మ తిన్నాడు. గింజలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, "జబ్బంటే ఇట్లుండాల" అన్నాడు. నేను నవ్వాను. ఎంత తెలివితక్కువ నవ్వో తర్వాత తెలిసింది.

పోతూ పోతూ పక్క సీటు ఆవిడ గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది. ఆవిడది వారాసిగూడ. మనసులో కల్మషం లేని మనిషి, నోట్లో మాట ఆగని మనిషి. "మేడం, పసిరికలకు ఇంగ్లీషు మందు పన్జేయదు. మా చిన్నమ్మ మల్కాజ్‌గిరిల పసరు పోస్తది. ఐతారం ఐతారం. ఒక్క పైస ముట్టదు. మూడు ఐతారాలు పోపిస్తే సాఫ్ అయితది. గని పత్తెం పక్కా ఉండాలె. ఉప్పు బంద్, నూనె బంద్, చింతపండు బంద్. ఇంగ్లీషు గోలీలు మొత్తం బంద్. గోలీ పడ్డదంటే పసరు ఇరిగిపోతది."

వద్దనాలి. ఏమని వద్దంటాను? కామెర్లొచ్చినవాడికి పసరు వద్దంటే, మరి ఏమొచ్చినట్టు? "పసరు మీద మాకు నమ్మకం లేదు" అంటే చాలు. ప్రతిదానికీ అడ్డం తిరుగుతానని ఎట్లాగూ నాకు పేరుంది. కానీ అబద్ధం ఆడినవాళ్ళకు గొంతు తగ్గిపోతుంది. "సరే, చూద్దాం లెండి" అన్నాను. ఆదివారం పొద్దున్నే ఆవిడ ఆటో మాట్లాడుకుని మా గేటు ముందు దిగింది.

మల్కాజ్‌గిరిలో ఒక సన్నని గల్లీ. పసరు కోసం పదిహేను మంది వరసలో ఉన్నారు. ముసలమ్మ ఆకు దంచి, గుడ్డలో పిండి, పెరుగులో కలిపి గ్లాసుతో ఇస్తోంది. మా ఆయన వంతు వచ్చాక గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "ఇంత ముదిరేదాంక ఏం జేసిండ్రే?" అని నన్ను కసిరింది. "ఆడోళ్ళు నౌకర్లకు పోతే ఇంట్ల మొగోని కండ్లు జూసేటోళ్ళు లేరు." వరసలో ఉన్నవాళ్ళంతా నన్ను చూశారు. మా ఆయన గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. ముఖం చిట్లించలేదు. ఆటో ఎక్కుతుంటే ఆయన చెవిలో, "ఇది ఊరికే, వాళ్ళ కోసం. మన మాత్రలు మనవే. తెలిసింది కదా?" అన్నాను. తల ఊపాడు.

పొద్దున నేను తొమ్మిదిన్నరకు బయలుదేరతాను. మాత్ర, నీళ్ళు, కప్పిన టిఫిను బల్ల మీద పెట్టి పోయేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి మాత్ర ఉండేది కాదు. వేసుకున్నాడనుకున్నాను. ఉప్పు లేని అన్నం తింటున్నాడు, నూనె లేని కూర తింటున్నాడు. అంత నిష్ఠ ఎందుకని నాకు అనుమానం రావాల్సింది. పైగా మూడు ఆదివారాలూ తానే ముందు చొక్కా తొడుక్కుని తయారయ్యాడు. మనిషి కోలుకుంటున్నాడని సంబరపడ్డాను.

మూడో ఆదివారం దాటిన మూడో రోజు, మధ్యాహ్నం, కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసింది. "మేడం, సారు చెప్పులు లేకుంటనే బయటికి పోయిండు. పిలిస్తే పలకలే. పసిరికలు తలకెక్కినయా ఏంది?"

క్యాంపస్ పక్కనే రైల్వే స్టేషన్ ఉంది. నేను అక్కడికే ఎందుకు పోయానో ఇప్పటికీ తెలియదు. ఇంటికి కాదు, లైబ్రరీకి కాదు, సూటిగా అక్కడికే ఆటో పోనివ్వమన్నాను. ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద ఉన్నాడు. ఎండకు అరికాళ్ళు బొబ్బలెక్కాయి. నన్ను చూసి, "ఎందుకొచ్చినానో అడగొద్దు" అన్నాడు. అడగలేదు. పక్కన కూర్చున్నాను. ఒక లోకల్ రైలు వచ్చి, ఆగి, పోయింది. అది పోయేదాకా ఆయన మణికట్టు వదల్లేదు నేను.

బీరువాలో ఆయన స్వెటర్ మడత కింద మాత్రలన్నీ దొరికాయి. కాగితంలో పొట్లం కట్టి, బొందుతో చుట్టి, లైబ్రరీలో పాత పుస్తకాలకు కట్టినట్టు జాగ్రత్తగా కట్టాడు.

"ఎందుకు ఆపినారు? చెప్పినా కదా, పసరు ఊరికే అని."

"పసరుతో పోతుందేమో అనుకున్నా."

"పసరు కామెర్లకు కదండీ!"

ఆయన నా వైపు చూశాడు. అమాయకంగా కాదు. బతిమాలుతున్నట్టు. "అందరూ కామెర్లే అన్నారు కదా. కళ్ళు చూసి చెప్పినారు కదా. అదే అయ్యుంటే బాగుండనిపించింది."

అంబర్‌పేట్ డాక్టర్ ముందు నాకు తల దించుకోవడం తప్పలేదు. పసరు ఎవరు పోయించారంటే నేనే అన్నాను. ఎందుకని అడిగితే మొత్తం చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఇన్నేళ్ళలో కామెర్లు వచ్చినవాళ్ళెవరూ ఊళ్ళో డిప్రెషన్ అని చెప్పుకోవడం నేను చూడలేదమ్మా" అన్నాడు.

పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. పదో రోజు సెలవు పొడిగింపు కాగితం తీసుకుని ఆయన దగ్గర కూర్చున్నాను. మళ్ళీ కామెర్లని రాయడానికే కూర్చున్నానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. 'కామెర్లు తిరగబెట్టినవి' అన్న ముక్క నోట్లో సిద్ధంగా ఉంది. ఆయన కాగితం మీద చెయ్యి పెట్టాడు. "ఈసారి ఉన్నదే రాయి. లేని జబ్బు మోసి మోసి భుజాలు నొస్తా ఉండాయి."

రాశాను. కారణం అన్న గడిలో డిప్రెషన్ అనే మాట, నా దస్తూరీలో, స్పష్టంగా. ఆ రాత్రికి అమ్మాయికీ చెప్పాను. ఆ పిల్ల చాలాసేపు ఏడ్చి, "కొబ్బరినీళ్ళు ఇమ్మంటే సరేనన్నావు కదమ్మా" అంది. ఆ దెబ్బ నాకు తగలాల్సిందే.

ఫైలు ఏడు బల్లలు దాటింది. ఈసారి ఒక్కరూ రాలేదు. ఒక్క అరటిపండూ రాలేదు. నేను సెక్షన్‌లోకి అడుగుపెడితే మాటలు ఆగేవి. మళ్ళీ మొదలయ్యేటప్పుడు కరెంటు బిల్లు గురించో ఎండల గురించో మొదలయ్యేవి. ఓనరమ్మ మెట్ల దగ్గర ఆపి, "మేడం, ఏమనుకోవద్దు, మా మనవరాండ్లు మెట్ల మీద ఆడుకుంటరు. సారు దిగేటప్పుడు జర మీరు ఎంబడి ఉంటే..." అంది. ఆవిడ భర్తకు షుగర్. కాలి వేలు తీసేశారు. కోపమొస్తే స్టీలు గ్లాసులు గోడకేసి కొడతాడని వీధంతా తెలుసు. ఆ పిల్లలు ఆడుకునేది ఆయన కాళ్ళ దగ్గరే. ఆ మాటే అన్నాను. "గది షుగర్ మేడం. షుగర్ డౌన్ అయితే గట్లనే అయితది" అని గౌరవంగా చెప్పింది.

క్యాంటీన్‌లో పక్క సీటు ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. టీ తాగలేదు. "నాకు అబద్ధం చెప్పి మా చిన్నమ్మతోని పసరు పోపిచ్చిండ్రు. రోగం దాస్తే ఆమె చేతిల గుణం పోతదట. తెలుసా మీకు?"

"తప్పే. నాదే తప్పు" అన్నాను. నిజంగానే అన్నాను. ఆవిడ ఆదివారాలు మూడు మాకోసం పోగొట్టుకుంది.

అంతటితో ఆగి ఉంటే ఇప్పటికీ ఇద్దరం ఒకే డబ్బా పంచుకుని తినేవాళ్ళం. ఆవిడ ముందుకు వంగింది. "గని గట్లెట్ల రాస్తరు మేడం కాయితం మీద? ఇంకేం దొరకలేదా రాసేతందుకు? సర్వీసు రిజిస్టర్‌ల పడ్తది. రేపు పిల్ల పెండ్లప్పుడు..."

"రేపు పిల్ల పెళ్ళప్పుడు మీరే పోయి చెప్తారు కదా, రిజిస్టర్ ఎందుకు?"

"చూడుండ్రి, గిదే. నేనొకటి అంటే ఏమనుకోరు గద? సారుకు తిండికి తక్కువనా, బట్టకు తక్కువనా? ఉత్త ఆలోచనలు. మీరు జర నోరు తగ్గించుకుంటే సారు మంచిగుంటడు."

చుట్టుపక్కల బల్లల మీద చెంచాలు ఆగాయి. అందరూ అనుకుంటున్న మాటే ఆవిడ పైకి అందని అర్థమైంది. "నా నోటికి మనుషులు మంచాన పడేటట్టుంటే, పద్నాలుగేళ్ళుగా నా పక్కన కూర్చుంటున్నారు, మీరు ఈపాటికి పోయుండాలి" అన్నాను. "మీ అన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు మీ వదిన నోరు తగ్గించుకోమని ఎవరైనా అన్నారా? ఎవరి చెయ్యి పడిపోయినా నరం అంటారు, నెత్తురు గడ్డ అంటారు. మా ఆయన విషయానికొస్తే పెళ్ళాం!"

ఆవిడ లేచి పోయింది. నేను టీ మొత్తం తాగే లేచాను. కానీ ఆ మధ్యాహ్నం నుంచి ఇంట్లో గొంతెత్తి మాట్లాడటానికి భయం పట్టుకుంది. కుక్కర్ మూత గట్టిగా పెట్టినా ఆయన వైపు చూసేదాన్ని. వాళ్ళన్న మాట అబద్ధమని తెలుసు. తెలిసి కూడా.

మెడికల్ బోర్డు ఆయన్ని మూడు వారాలు తిప్పింది. అక్కడ ఒకరు నూరులోంచి ఏడు తీసివేసుకుంటూ రమ్మన్నారట. ఈయన రెండు దాకా వచ్చి, "ఇంక ఏడు లేదు సార్" అన్నాడట. ఫిట్ అని రాశారు. డ్యూటీలో చేరాడు. చేరిన రోజే ఆయన్ని కౌంటర్ మీది నుంచి తీసి కింద సెల్లార్‌లో పాత పత్రికల కట్టల దగ్గర వేశారు. ట్యూబులైటు కింద, మనిషన్నవాడు రాని చోట. ఇంటికొచ్చి, "బాగానే ఉందిలే, చల్లగా ఉంది" అన్నాడు. రెండు వారాలకు స్నానాల గది ముందు మళ్ళీ నిలబడ్డం మొదలైంది. రెండు నిమిషాలే. కానీ నేను గడియారం చూశాను.

మర్నాడు లైబ్రరీ బాధ్యత చూసే అధికారి గదికి పోయాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"మేడం, కౌంటర్ అంటే పబ్లిక్ డీలింగ్. స్ట్రెస్ ఉంటది. సారు మంచి కోసమే..."

"మీకు గుండెలో స్టెంట్ వేశారు కదా సార్, నిరుడు?"

"అవును. అయితే?"

"అప్పుడు మేమంతా పళ్ళు పట్టుకుని వచ్చినాం. పదిహేను రోజులకు వచ్చి ఇదే కుర్చీలో కూర్చున్నారు. స్ట్రెస్ అని మిమ్మల్ని సెల్లార్‌లో ఎవరూ కూర్చోబెట్టలేదే?"

"గది వేరు మేడం. గుండెది రిపోర్ట్ ఉంటది. ఇది... రేపు ఎవరి మీదన్న అరిస్తే? ఎవర్నన్న కొడితే? ఎవరు జవాబుదారి?"

"ఇరవై రెండేళ్ళలో ఎంతమందిని కొట్టినాడు?"

"నేను అనేది అది కాదు..."

"బోర్డు ఫిట్ అని రాసింది. మీరు అన్‌ఫిట్ అంటున్నారు. సంతోషం. ఆ ముక్క కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. కౌంటర్‌కు పనికిరాడని, కారణం ఫలానా అని. నేను ఇక్కడే నిలబడతాను."

సెలవుల సెక్షన్‌లో ఇన్నేళ్ళు పనిచేసి నేర్చుకున్నది ఒకటే. మా యూనివర్సిటీలో మనిషి మీద ఏ మాటైనా నోటితో అంటారు. అదే మాట రాసి సంతకం పెట్టమంటే సిరా ఎండిపోతుంది. ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు. ఏసీ తగ్గించాడు. "మీతోని మాట్లాడుడు కష్టం మేడం" అన్నాడు. సోమవారం నుంచి మా ఆయన కౌంటర్ మీద ఉన్నాడు.

గెలిచానని అనుకున్నాను. మూడు నెలలు నిజంగానే బాగుంది. నీలం అట్టలూ ఎర్ర అట్టలూ ఇంటికి రావడం మొదలుపెట్టాయి. భోజనం దగ్గర ఎవరో పిల్ల పరిశోధన గురించి చెప్పేవాడు. మాత్ర నా ఎదురుగానే వేసుకుని, నాలుక చాపి చూపించేవాడు, వెక్కిరింతగా.

ఒక మధ్యాహ్నం లైబ్రరీ నుంచి ఫోను. "మేడం, జల్ది రాండ్రి. సారుకు మళ్ళ షురూ అయింది. ఒర్రుతున్నడు."

పరిపాలనా భవనం నుంచి లైబ్రరీకి నడిస్తే పది నిమిషాలు. నేను ఎంతలో పోయానో తెలియదు. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని పోయాను. దారంతా ఒకటే ఆలోచన. ఆపేశాడా? మళ్ళీ ఎక్కడ దాస్తున్నాడు? స్వెటర్ మడత చూసి ఎన్నాళ్ళయింది?

కౌంటర్ చుట్టూ జనం. అధికారి కూడా గదిలోంచి బయటికి వచ్చి, కాస్త దూరంగా, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన నిలబడి ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది, మెడ నరాలు ఉబ్బాయి. ఎదురుగా ఒక కాంట్రాక్టు లెక్చరర్, నా వయసువాడే, లెదర్ బ్యాగు ఛాతీకి హత్తుకుని ఉన్నాడు. మా ఆయన అంత గట్టిగా అరవడం నేను పెళ్ళయ్యాక వినలేదు. "ఒక్కటే కాపీ ఉండేది! రాష్ట్రం మొత్తానికి ఒక్కటే కాపీ!"

"సార్‌కు బీపీ ఉన్నదండీ, జర నిమ్మళంగ మాట్లాడుండ్రి" అంటున్నాడు పక్కన ఎవరో. బీపీ ఆ లెక్చరర్‌కు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తున్నారు. మా ఆయన చుట్టూ మాత్రం ఎవరూ లేరు. రెండు గజాల ఖాళీ వదిలి నిలబడ్డారు.

నేను ఆ ఖాళీలోకి పోయాను. క్యాంటీన్‌లో అంత మాట్లాడినదాన్ని, అధికారి చేత పెన్ను మూత పెట్టించినదాన్ని. ఏమైందని అడగలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, అందరికీ వినబడేటట్టు అన్నాను.

"పొద్దున మాత్ర వేసుకున్నారా?"

ఆయన అరుపు ఆగింది. ఆ హాల్లో నిలబడ్డ ముప్ఫై మందినీ చూసిన చూపు వేరు, అప్పుడు నన్ను చూసిన చూపు వేరు. చెయ్యి విడిపించుకున్నాడు. మెల్లగా, పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే గొంతుతో చెప్పాడు.

"వేసుకున్నా. బ్లేడు ఆయన బ్యాగులో ఉంది. కోసిన పేజీలూ అందులోనే ఉన్నాయి. తీసి చూడు."